చిరుత పొట్ట మీద కుట్లు

అలిపిరి దగ్గర మ్యూజియం గేటు ముందు జీపు ఆపాక కూడా మునిశేఖర్ కిందికి దిగలేదు. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకొని కొండ వైపే చూస్తూ కూర్చున్నాడు. పిల్లలిద్దరూ అప్పటికే దిగిపోయి గేటు కమ్మీలు పట్టుకొని లోపలికి తొంగి చూస్తున్నారు. వరదమ్మ కుచ్చిళ్లు ఎత్తిపట్టుకొని దిగబోతుంటే అతడు గొంతు తగ్గించి పిలిచాడు.

"అత్తా, స్టేషన్ కాడ పార్టీ కాసుకోనుండాది. వాళ్లను కొండ మీద దించి అన్నం పొద్దుకల్లా వచ్చేస్తా. ఈ లోపల పాపకు సెప్పేసెయ్."

"నువ్వు గూడా ఉంటే బాగుంటది గదప్పా."

"నా వల్ల కాదు. సెప్దామని నోరు తెరుస్తా, దాని మొగం సూసి మూసుకుంటా. సోమారం నుంచి బడికి పోవల్ల. మా వీదిలో తెలీనోళ్లు యెవురుండారు? మీ అమ్మ సచ్చిపోయిందంట గదా అని యెవురో ఒక పిల్ల అననే అంటాది. ఆ మాట బయటోళ్ల నోట ఇనేదానికంటే నీ నోట ఇనేది మేలు."

వరదమ్మ తల ఊపింది. జీపు వెళ్లిపోయింది. అది మలుపు తిరిగేదాకా ఏడేళ్ల ధరణి దాని వెనకనే చూసింది. చూసి, "మళ్లీ మమ్మల్ని ఇడిసేసి పోయినాడు," అంది.

నోట్లో నాలుక లేని మనిషని కార్వేటినగరం పక్కన ఉన్న తన పల్లెలో వరదమ్మకు పేరు. మూడో తరగతిలో బడి మాని, పేడ తట్ట ఎత్తుకున్న నాటి నుంచి ఆమె పొయ్యి, పాడి, మామిడి తోపు తప్ప మరొకటి ఎరగదు. నలుగురు ఆడవాళ్లు కూర్చున్నచోట ఊ కొట్టడమే కానీ ఎదురు మాట అనేది కాదు. అలాంటి మనిషి బుద్ధెరిగాక ఆడిన పెద్ద అబద్ధం ఒకటే. నాలుగు నెలలుగా అది ఆమె కొంగు పట్టుకొని వెంట తిరుగుతోంది.

పవిత్ర ఆమె ఒక్కగానొక్క కూతురు. సొంత తమ్ముడి కొడుకు మునిశేఖర్‌కే ఇచ్చి చేశారు. మాఘమాసంలో జ్వరమని ఆస్పత్రిలో చేర్చారు. మనిషి తిరిగి రాలేదు. అప్పుడు పిల్లలు సత్యవేడులో మునిశేఖర్ చెల్లెలి ఇంట్లో ఉన్నారు. చిన్నపిల్లలు, చూస్తే జడుసుకుంటారు, తేవద్దని అందరూ అన్నారు. అందరితోపాటు వరదమ్మా ఊ అంది. పవిత్రను పుట్టింటి తోపులోనే నీలం మామిడి చెట్టు పక్కన పూడ్చారు. దినాలు ముగిశాక పిల్లల్ని వరదమ్మ ఇంటికే తీసుకొచ్చారు. ధరణి చెప్పులైనా విప్పకుండా నడింట్లోకి వచ్చి, "అమ్మ యాడ?" అని అడిగింది. చాపల మీద కూర్చున్న ఆడవాళ్లందరూ ఒళ్లోకి చూసుకున్నారు. ఎన్నడూ ముందు మాట్లాడని వరదమ్మే ఆ రోజు ముందు మాట్లాడింది.

"కొండకు పోయింది బిడ్డా. సేవకు."

ఆ మాట ఊరికే రాలేదు. అంతకు ముందు ఏడు పవిత్ర ఊళ్లో ఆడవాళ్లతో కలిసి తిరుమలకు సేవకు వెళ్లింది. మెడలో కాషాయం కండువా వేసుకొని, అన్నదానం దగ్గర వడ్డన చేసి, వారం తిరగ్గానే వచ్చేసింది. ధరణికి అది బాగా గుర్తు. "కండువా ఏసుకొని పోయిందా?" అని అడిగింది. "ఊ," అంది వరదమ్మ. పిల్ల చెప్పులు విప్పి అన్నానికి కూర్చుంది.

వారం పోయింది, నెల పోయింది. చావు జరిగిన ఇంటివాళ్లు ఏడాది దాకా కొండ ఎక్కకూడదు. మునిశేఖర్‌కు మాత్రం ఆ ఘాట్ రోడ్డే బతుకు. అందుకని యాత్రికుల్ని పైన దించి, గుడి వైపు అడుగు వేయకుండా, జీపులోనే కూర్చొని ఇంటి నుంచి తెచ్చుకున్న సంగటి తిని దిగేస్తున్నాడు. ప్రసాదం కూడా ముట్టడు. ఇది పిల్లకు ఎవరు చెప్తారు? ధరణి తన లెక్క తాను వేసుకుంది. నాయన రోజూ కొండకు పోతాడు. అంటే రోజూ అమ్మను చూస్తాడు. ముందు మాదిరి లడ్డు తేవడం లేదంటే, అమ్మకే ఇచ్చేసి వస్తున్నాడు. తమ్ముణ్ణీ తననూ మాత్రం తీసుకుపోడు. అట్లా ఆ బిడ్డ నాయనతో మాట్లాడటమే తగ్గించేసింది.

ఒక అబద్ధం ఇంకొకదాన్ని కన్నది. తోపులోకి పోతే ఆ మట్టి కుప్ప చూసి ఇదేందని అడుగుతారని, "తోపులో పాములుండాయి, గోడ దాటొద్దు," అని చెప్పింది వరదమ్మ. ఇంటి వెనకే తోపు, చెట్ల నిండా కాయలు, మామిడి కాలమంతా పిల్లలు గోడకు ఈవలే ఉన్నారు. చిన్నవాడు చందు ఉండబట్టలేక గోడ ఎక్కి జారిపడ్డాడు. మోచేతి కింద ఎముక విరిగింది. ఈ పొద్దు ఉదయం పుత్తూరులో కట్టు మార్పించుకొనే వచ్చారు. వెదురు బద్దలు, దాని మీద గుడ్డ, పసరు, గుడ్డుసొన వాసన. వాడికి అది పెద్ద గొప్ప. కనపడిన ప్రతి ఒక్కరికీ చెయ్యి ఎత్తి చూపిస్తున్నాడు.

మ్యూజియం గుమ్మం దగ్గర వరదమ్మ అలవాటు కొద్దీ చెప్పులు విడిచింది. స్టూలు మీద కూర్చున్న పెద్దాయన, వాచ్‌మన్ వెంకటముని, నవ్వాడు.

"అమ్మా, ఇది గుడి కాదు. ఏసుకోనే రావొచ్చు."

"ఉండనీలెప్పా," అని ఆమె చెప్పులు గోడవారగా జరిపి పిల్లల్ని లోపలికి తీసుకుపోయింది. లోపల చల్లగా ఉంది, కర్పూరం గుళికల వాసన వేస్తోంది. ఎదురుగా మనిషిని మించిన ఎత్తున ఏనుగు ఎముకల గూడు నిలబడి ఉంది. చందు దాని కింద నిలబడి ఒక్కొక్క కాలూ పరీక్షగా చూశాడు.

"అవ్వా, దీనికి ఇన్ని యెముకలు ఇడిపోయుండాయే, పుత్తూరు కట్టు కట్టించలేదా?"

వెంకటముని స్టూలు మీద నుంచే అందుకున్నాడు. "పుత్తూరుకు పోయే లోపలే అయిపోయిందబ్బా. అయినా దీనికి కట్టు కట్టల్లంటే ఊర్లో వెదురంతా కొట్టల్ల."

చందు పగలబడి నవ్వాడు. ధరణి నవ్వలేదు.

"అయిపోయిందంటే?" అని అడిగింది.

వెంకటముని నోరు తెరిచేలోగా వరదమ్మ ఇద్దరి రెక్కలూ పట్టుకొని పక్క గదిలోకి నడిపించేసింది. నాలుగు అడుగులు వేశాక కానీ తాను చేసిన పని ఆమెకు తెలిసి రాలేదు. చెప్పాలనే కదా వచ్చింది. ఆ పెద్దాయన సగం చెప్పి పెడుతుంటే లాక్కొని వచ్చేసింది.

ఆ గదిలో పిట్టల గూళ్లు ఉన్నాయి. గిజిగాడి గూడు, జిట్టంగి గూడు, అద్దాల కింద దూది మీద చుక్కల గుడ్లు. ఇక్కడైతే మెల్లగా ఎత్తుకోవచ్చు అనుకుంది వరదమ్మ. తల్లిపిట్ట ఎగిరిపోయింది అని మొదలుపెట్టి... కానీ ఎగిరిపోయిన పిట్ట తిరిగొస్తుంది. అది పిల్లకూ తెలుసు. వేరే మాట వెతుక్కుంది. 

"ధరణీ," అంది.

"ఏంది అవ్వా?"

"నీకు ఆకలవతాందా?"

"లేదు."

గది చివర బయటి నుంచి వచ్చే వెలుగును బట్టి పొద్దు ఎంతెక్కిందో చూసుకుంది. ఘాట్ రోడ్డు ఎక్కి దిగడానికి ఎంత సేపు పడుతుందో ఆమెకు తెలియదు. జీపు హారను ఎప్పుడు వినపడుతుందోనని చెవులు అటే ఉన్నాయి.

మూడో గది పెద్దది. నడి మధ్యలో, పెళ్లి పందిట్లో అరుగంత బల్ల మీద, శేషాచలం కొండల బొమ్మ పరిచి ఉంది. లోయలు, వాగులు, ఘాట్ రోడ్లు, మెట్ల దారి అన్నీ ఉన్నాయి. చుట్టూ మీటలు. నొక్కితే ఎక్కడ ఏ జంతువు తిరుగుతుందో అక్కడ చిన్న బల్బులు వెలుగుతాయి. పక్కనే గోడకు కొంచెం ఎడంగా పెద్ద అద్దాల పెట్టె. అందులో చిరుతపులి. ముందరి కాలు ఎత్తి, నోరు కొంచెం తెరిచి, ఇప్పుడే పొదలోంచి వచ్చినట్టు నిలబడి ఉంది. గాజు కళ్లు ఏ పక్కకు పోయినా మనవైపే చూస్తున్నాయి. చందు అవ్వ వెనక చేరాడు.

వచ్చినవాళ్లకు వివరాలు చెప్పే అమ్మాయి నవ్వుతూ దగ్గరికి వచ్చింది. మెడలో తగిలించుకున్న కార్డు మీద పేరు ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కొని చదివింది ధరణి. "భా... ను... ప్రి... య."

"బాగా చదివినావే. రా, ఈ మీట నొక్కు. దేవాంగపిల్లి యాడుంటాదో సూపిస్తాది."

ధరణి నొక్కింది. పచ్చ బల్బులు వెలిగాయి. ఇంకొకటి నొక్కింది. బంగారు బల్లి ఉండేచోట పసుపు బల్బులు. పిల్ల ముఖం విచ్చుకుంటూ ఉంటే వరదమ్మకు గుండె కొంచెం కుదుటపడింది. అప్పుడు ధరణి ముని వేళ్ల మీద లేచి, కొండ బొమ్మ మీదికి వంగి, భానుప్రియను అడిగింది.

"అక్కా, సేవకు పోయినోళ్లు దీంట్లో యాడుంటారు?"

"ఎందుకు పాపా?"

"మా అమ్మ ఆడుండాది."

 భానుప్రియకు ఏం తెలుసు? సంబరంగా కొండ కొన మీద గుడి గోపురం చూపించి, దాని పక్కన వేలు పెట్టింది.

"ఇదో, ఈ పక్కన ఉంటారు. మీ అమ్మ సేవకు వచ్చిందా? మంచిది. వారమే గదా, ఎప్పుడు దిగతారు?"

ధరణి తిరిగి అవ్వ వైపు చూసింది. భానుప్రియ కూడా చూసింది. వరదమ్మ పెదవులు కదిలాయి.

"ఇంకా... తెలీదమ్మా," అంది.

ఆ మాట అంటూనే తన మీద తనకే రోత పుట్టింది. ఆ రోజైతే నడింట్లో నలుగురి ముందు అనుకోకుండా నోరు జారింది. ఈ రోజు అలా కాదు, తెలిసి తెలిసి అంది.

"చిరుత మీట యేది?" అని అడిగాడు చందు, అవ్వ వెనక నుంచే. భానుప్రియ చూపించింది. ధరణి నొక్కింది. ఎర్ర బల్బులు వెలిగాయి. ఒకటీ రెండూ కాదు, లోయల్లో, వాగుల పక్కన, మెట్ల దారి పొడుగునా, గోపురం వెనక కూడా. ధరణి మీట మీద నుంచి వేలు తియ్యలేదు.

"ఎర్ర లైటు అమ్మ పక్కనే ఉండాది," అంది.

"అవి మనుషుల జోలికి రావు పాపా," అంది భానుప్రియ. "మెట్ల దారిలో గుంపులుగా పొమ్మంటారు, అంతే."

"ఒక్కరే పోతే?"

 ధరణి చిరుత పెట్టె వైపు చూసింది. ఎత్తిన ముందరి కాలు, తెరిచిన నోరు. మళ్లీ కొండ బొమ్మ వైపు చూసింది.

"అవ్వా, అమ్మ మెట్లెక్కి పోయిందా, బస్సులో పోయిందా?"

"బస్సులో," అంది వరదమ్మ.

"యెవురితో?"

"అందరితోనూ."

"మరి అందురూ వచ్చేసినారు గదా. మన ఊర్లో రాజమ్మ పెద్దమ్మ ఇంట్లోనే ఉండాది గదా. అమ్మ ఒక్కటే ఉండిపోయిందా ఆడ?"

అల్లుకుంటూ పోయిన సాలెగూడులో తానే చిక్కుకున్నట్టయింది వరదమ్మకు. ఇప్పుడే, ఇక్కడే చెప్పేయాలి. పిల్ల భుజం మీద చెయ్యి వేసింది. అప్పుడే చందు కాళ్లు కలుపుకొని ఎగరసాగాడు.

"అవ్వా, ఒంటికి. బిన్నా రా."

కట్టు కట్టిన చేత్తో వాడు నిక్కరు విప్పుకోలేడు. "రెండు నిమిసాలు. ఈ అక్క కాడే ఉండు, యాడికీ పోవద్దు," అని ధరణికి చెప్పి, భానుప్రియకు కళ్లతోనే అప్పజెప్పి, వాణ్ణి ఎత్తుకొని పరిగెత్తింది. దొడ్డి దగ్గర వాడు కట్టు తడవకూడదని చెయ్యి పైకెత్తి, తొందర లేకుండా, గోడ మీది బల్లిని చూస్తూ నిలబడ్డాడు. వరదమ్మకు ప్రాణం ధరణి దగ్గరే ఉంది.

తిరిగి వచ్చేసరికి ఆ గదిలో ఒక పెద్ద కుటుంబం చేరి ఉంది. వేలూరు వైపు వాళ్లు, గుండు కొట్టించుకున్న పిల్లలు, తాతలు, అందరూ మీటల కోసం ఎగబడుతున్నారు. భానుప్రియ వాళ్ల మధ్యలో ఉంది. కొండ బొమ్మ చుట్టూ ధరణి లేదు.

"పాప యాడమ్మా?"

భానుప్రియ చుట్టూ చూసింది. ముఖంలో నవ్వు పోయింది. "ఈడే ఉండె గదా. ఇప్పుడే..."

వరదమ్మ చందును ఆమె పక్కన నిలబెట్టి, పిట్టల గదిలోకి పోయింది. లేదు. ఏనుగు గదిలోకి పోయింది. ఎముకల సందుల్లోంచి అవతలి గోడ కనిపిస్తోంది కానీ పిల్ల లేదు. సీసాల్లో పాములు పెట్టిన చిన్న గది ఉంది, అక్కడా లేదు. "ధరణీ," అని పిలిచింది. గట్టిగా అరవడం ఆమెకు చేతకాదు. 

పిల్ల మెట్ల దారికి పోయింది. ఆ మాట ఎవరో చెవిలో చెప్పినట్టు తోచింది. అమ్మ ఒక్కటే ఉందని, చిరుతలున్నాయని, పిలుచుకురావడానికి పోయింది. ఎవరు నేర్పారు ఆ దారి? తానే నేర్పింది.

వరదమ్మ చెప్పుల్లేకుండానే వాకిట్లోకి దూకింది. జ్యేష్ఠమాసం ఎండకు సిమెంటు నేల పెనంలా కాలిపోతోంది. అరికాళ్లు చుర్రుమంటున్నా ఆగలేదు. గేటు బయట రోడ్డు మీద కొండకు పోయే బస్సులు, జీపులు, నెత్తిన మూటలతో అలిపిరి వైపు నడిచి పోయేవాళ్లు. పచ్చ బట్టల ఆడవాళ్ల గుంపులో ధరణిది లాంటి గోధుమరంగు గౌను ఒకటి కనిపించి అటు పరిగెత్తింది. ఆ పిల్ల తిరిగి చూసింది. ధరణి కాదు.

వెంకటముని వెనకనే వచ్చాడు. "అమ్మా, నిలువు. నా మాటిను. నేను స్టూలు మీద నుంచి లెయ్యలేదు. పెద్దోళ్లు లేకుండా పిల్లోళ్లను గేటు దాటనియ్యను. మీ పాప ఈ పక్కకు రాలేదు. లోపలే ఉండాది."

"నిజంగా సెప్తా ఉండావా అప్పా?"

"ఒట్టు. కాళ్లు కాలతాండాయి, రా లోపలికి."

చెప్పుల వైపు కూడా చూడకుండా ఆమె మళ్లీ మూడో గదికి వచ్చింది. వేలూరు వాళ్లు పక్కగదికి పోయారు. చందు ఒక్కడే భానుప్రియ చెయ్యి పట్టుకొని బిక్కమొహం వేసుకొని ఉన్నాడు. గదిలో చప్పుడు లేదు. అప్పుడు వినిపించింది, గోరుతో అద్దం మీద గీకినట్టు చిన్న శబ్దం. చిరుత పెట్టెకూ గోడకూ మధ్య మనిషి దూరేంత సందు ఉంది. ఆ సందులో, నేల మీద గొంతుకూర్చొని, నుదురు అద్దానికి ఆనించి, ధరణి చిరుత పొట్ట కిందికి చూస్తోంది.

వరదమ్మ సందు మొదట్లోనే కూలబడింది. కొట్టాలనిపించింది, ఎత్తుకోవాలనిపించింది. రెండూ చెయ్యలేదు. వెనక భానుప్రియ ఏమనుకుందో ఏమో, చందును మెల్లగా ఏనుగు దగ్గరికి నడిపించుకుపోయింది.

"అవ్వా, ఈడ సూడు," అంది ధరణి. గొంతులో ఉత్సాహం. "కుట్లు."

చిరుత పొట్ట కింద, ముందు నుంచి చూస్తే కనపడని చోట, గోనెసంచి మూతి కుట్టినట్టు పొడుగ్గా కుట్టు ఉంది. ఒకచోట దారం ఊడి లోపలి పీచు కొంచెం బయటికి వచ్చింది.

"లోపల పీసు పెట్టినారు. ఇది సచ్చిపోయినాది అవ్వా. ఊరికే నిలబెట్టినారు. ఇది మళ్లీ కొండకు పోదు. అమ్మను ఏం సెయ్యదు."

ఉదయం నుంచి ఆ బిడ్డ ముఖంలో అంత వెలుగు లేదు. కళ్లలో నీళ్లు, పెదాల మీద నవ్వు. అవును బిడ్డా, అని ఒక్క మాట అంటే చాలు, ఈ పూట గడిచిపోతుంది. ఆ మాట వరదమ్మ నోటి దాకా వచ్చింది కూడా. నాలుగు నెలలుగా అలవాటైన దారి కదా. బయట ఏదో బండి హారను మోగింది. జీపు కాదు, బస్సు.

"ధరణీ, అమ్మ కొండ మీద లేదు."

"దిగేసిందా?"

"లేదు. పోనే లేదు. సేవకు పోయిందని నేను అబద్దం సెప్పినా." ఊపిరి పీల్చుకుంది. "అమ్మ సచ్చిపోయింది బిడ్డా. జరం వచ్చి ఆస్పత్రిలో సచ్చిపోయింది. మీరు సత్యవేడులో ఉన్నప్పుడే."

ధరణి ఏడవలేదు. చిరుతను చూసింది. దాని గాజు కంటిని, ఎత్తిన కాలిని, పొట్ట మీది కుట్టును. నవ్వు మెల్లగా పోయింది. దాని స్థానంలో వచ్చింది ఏడుపు కాదు, భయం. వరదమ్మ అనుకోని భయం.

"ఇట్లనా?" అంది. "అమ్మను గూడా కోసి పీసు పెట్టి కుట్టినారా? అద్దం లోపల పెట్టినారా?"

"లేదు, లేదు." వరదమ్మ మోకాళ్ల మీద సందులోకి జరిగింది. "మనుసుల్ని అట్ల సెయ్యరు. యెవురూ కొయ్యలేదు. నేనే నీళ్లు పోసినా మీ అమ్మకు, నా సేతుల్తో. ఒళ్లంతా పసుపు పూసినా. ఆ పచ్చ పట్టుచీర ఉండాది సూడు, అంచుకు నెమళ్లు, అది కట్టినా. తల దువ్వి జడేసి తలనిండా కనకాంబరాలు పెట్టినా. నిద్రపోయినట్టే ఉన్నింది."

"తర్వాత?"

"తర్వాత మన తోపులో పూడ్సినారు. మట్టి కప్పినారు. మెత్తటి మట్టి."

ధరణి వేలితో అద్దం మీద గీత గీస్తూ ఉంది.

"నన్ను యెందుకు పిల్సలేదు?"

"బయపడతావని."

"నేను బయపడను."

"నాకు బయం," అంది వరదమ్మ. "నువ్వు అడిగితే ఏం సెప్పల్లో తెలీక."

"తోపులో పాములుండాయని సెప్పినావే."

"లేవు. అది గూడా అబద్దమే. మీరు ఆడికి పోకుండా ఉండల్లని."

"చందు సెయ్యి అందుకే గదా ఇరిగింది."

"అవును బిడ్డా. అందుకే."

 అప్పుడు వచ్చింది ఏడుపు. అద్దానికి ముఖం ఆనించుకొని, చప్పుడు లేకుండా, అచ్చం వరదమ్మ ఏడ్చినట్టే ఏడ్చింది. వరదమ్మ చెయ్యి చాపింది. ధరణి ఆ చెయ్యి తోసేసింది. వరదమ్మ చెయ్యి వెనక్కి తీసుకొని, అక్కడే, ఆ సందులోనే కూర్చుండిపోయింది. తోసేసే హక్కు ఆ బిడ్డకు ఉంది.

కొంతసేపటికి ధరణి గౌను అంచుతో ముక్కు తుడుచుకుంది.

"మరి నాయన కొండ మీద ఏం సేస్తాడు?"

"జీపులో కూసోనుంటాడు. అన్నం తింటాడు. దిగేస్తాడు. మన ఇంట్లో సావు జరిగింది గదా, ఏడాది దాకా గుడికి పోకూడదు, లడ్డు తినకూడదు."

"ఒక్కడే కూసోనుంటాడా?"

"ఒక్కడే."

ధరణి లేచింది. అవ్వను దాటుకొని సందులోంచి బయటికి వచ్చింది. "తమ్మునికి యెవురు సెప్తారు?"

"నేనే సెప్తా."

"సేవకు పోయిందని సెప్పగాకు."

"సెప్పను."

హారను మోగింది. ఈసారి జీపే. మునిశేఖర్ దిగి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. అత్త ముఖం చూశాడు, కూతురి ముఖం చూశాడు. ధరణి నేరుగా పోయి అతని చొక్కా అంచు పట్టుకుంది. నాలుగు నెలల్లో పిల్ల తనంత తాను దగ్గరికి రావడం అదే మొదలు. అతడు వంగబోయి, వంగలేక, దాని తల మీద చెయ్యి పెట్టి రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి. చందు కట్టు చెయ్యి ఎత్తి వెంకటమునికి టాటా చెప్తున్నాడు.

ధరణి ముందు సీట్లో నాయన పక్కన ఎక్కింది. వరదమ్మ చందును ఒళ్లో పెట్టుకొని వెనక కూర్చుంది.

"ఇంటికి పోదామా?" అన్నాడు మునిశేఖర్.

"తోపుకు," అంది ధరణి.

అతడు ఫోను తీసి, సాయంత్రం పార్టీకి రాలేనని ఎవరికో చెప్పి, బండి పుత్తూరు దారి పట్టించాడు.  ధరణి వెనక్కి తిరగలేదు. వరదమ్మ దాని జడ కొసనే చూస్తూ కూర్చుంది. ఉదయం తానే వేసిన జడ, సందులో కూర్చుని సగం ఊడిపోయింది. దగ్గరికి రమ్మని అల్లాలని చేతులు లాగాయి. రమ్మనలేదు.

పుత్తూరు దాటాక ధరణి, ముందుకే చూస్తూ, అడిగింది. "యే చెట్టు కాడ?"

"నీలం చెట్టు. గోడ పక్కదే. ఇంకా కాయలుండాయి దానికి."

"నేను పడింది ఆడే," అన్నాడు చందు నిద్ర కళ్లతో, గొప్పగా. వరదమ్మ వాణ్ణి గుండెకు అదుముకుంది. చెట్టు దగ్గరికి పోయాక వీడికి చెప్పాలి. ఈసారి మాట వెతుక్కోవాల్సిన పని లేదు.

అప్పుడు ధరణి సీటు మీద మోకాళ్లేసి వెనక్కి తిరిగింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. అవ్వ ముఖం వైపు చూడలేదు, కాళ్ల వైపు చూసింది. ఎండలో పరిగెత్తిన అరికాళ్లు ఎర్రగా పొంగి ఉన్నాయి.

"నీ సెప్పులు యాడ?"

"మ్యూజియం కాడ మర్సిపోయినా."

ధరణి కిందికి వంగింది. మునిశేఖర్ చెప్పులు విడిచి బండి నడుపుతాడు. సీటు కింద ఉన్న ఆ పెద్ద చెప్పులు రెండూ తీసి, సీట్ల మధ్య నుంచి ఒక్కొక్కటే వెనక్కి తోసింది.

"నాయనవి ఏసుకో," అంది. "పాములు లేకపోయినా ముండ్లుంటాయి గదా తోపులో."